చలువ చీరకు రసీదు

మొన్న ఆదివారం మా అన్న కూతురు జమ్మలమడుగు నుంచి ఫోన్ చేసింది. స్టాఫ్ నర్సుగా చేరి నిండా రెండేళ్లు కాలేదు, అప్పుడే ఇన్‌కమ్‌ట్యాక్సు మాటలు మాట్లాడుతోంది. "అత్తా, యూనిఫాం ఉతికించుకున్న ఖర్చు చూపిస్తే ట్యాక్సులో తగ్గిస్తారంట గదా. కొత్త పద్ధతిలో లేదంట, పాత పద్ధతిలో ఉండాదంట. నువ్వు అన్నేండ్లు చేసినావు, ఎట్ల పెట్టినావు?" అని అడిగింది. "ఒక్క ఏడాదే పెట్టినాలే. రసీదులు దాచి పెట్టుకోవల్ల" అన్నాను. "మిగతా ఏండ్లు ఎందుకు పెట్టలా?" అంది. పొయ్యి మీద పాలున్నాయని చెప్పి ఫోన్ పెట్టేశాను. పాలూ లేవు, పొయ్యీ వెలిగించలేదు. ఒక్క మనిషికి ఆదివారం పూట వంటేమిటని హోటలు నుంచి తెచ్చుకున్న బొరుగుల ఉగ్గానితోనే ఆ రోజు గడిపేస్తున్నాను.

ఆ పిల్లకు చెప్పని సంగతి పులివెందులలో మొదలైంది. అక్కడికి బదిలీ అయ్యేసరికి నాకు నలభై దాటాయి. పెళ్లి కుదరలేదు, నేనూ కుదుర్చుకోలేదు. అది వేరే కథ, చెప్పినా పెద్ద రుచిగా ఉండదు. ఆసుపత్రికి దగ్గర్లో ఒక ఇంట్లో సగం భాగం అద్దెకు తీసుకున్నాను. ఆ రోజుల్లో మాకు తెల్లచీర, తెల్లకోటు. నర్సులకు తెలుపు నిర్ణయించిన మహానుభావుడెవరో గానీ, ఒక్కరోజైనా కాన్పుల వార్డులో నిలబడినవాడు మాత్రం కాదు. రక్తం, టించరు, మందుల మరకలు అన్నీ కొంగు మీదికే వచ్చేవి. పైగా ఆ ఇంటి బోరునీళ్లకు సబ్బు నురగ రాదు. డ్యూటీ నుంచి వచ్చి నేను ఉతికితే, ఆరేసరికి చీర తెలుపు కాకుండా, మట్టిరంగూ కాకుండా, ఎటూ కాని రంగులో తేలేది.

రెండో సగంలో ఒక ముస్లిం ఆవిడ ఉండేది. వాళ్ల ఇళ్లలో అక్కను ఆపా అంటారని నేనూ అలాగే పిలిచేదాన్ని. నాకంటే పదేళ్లు పెద్ద. భర్త కువైట్లో బండి తోలేవాడు, కూతుర్ని ప్రొద్దుటూరికిచ్చి పెళ్లి చేశారు. ఆమె కొన్నాళ్లు నా ఉతుకుడు చూసింది, చూసి చూసి ఇక చూడలేకపోయింది. ఒకరోజు నా చేతిలోని చీర లాక్కుని "ఇదేం ఉతుకుడు చెల్లీ, చీరను సావగొడతాండావు గానీ మురికి పోతాందా?" అంది. అప్పటి నుంచి నా యూనిఫాంలు ఆమెవే అయిపోయాయి. వీధి కుళాయి నీళ్లు పట్టి పెట్టుకునేది. పెరట్లో నాపబండ మీద ఉతికి, నీలిమందులో జాడించి, అన్నం వార్చిన గంజిలో ముంచేది. శ్రావణ శనివారాల్లో గండి ఆంజనేయస్వామి గుడికొచ్చే జనానికి మందులిచ్చే డ్యూటీ పడితే బురద చీరతో వచ్చేదాన్ని. దానికీ ఏమీ అనేది కాదు. నేను నీళ్లు తోడిచ్చేదాన్ని, పిండేటప్పుడు రెండో కొస పట్టుకునేదాన్ని. బొగ్గుల ఇస్త్రీపెట్టె తిప్పుతూ ఆమె కూతురి కబుర్లు చెప్పేది, నేను వార్డు కబుర్లు చెప్పేదాన్ని. ఆ పూట వంట ఎవరింట్లో అయితే ఇద్దరికీ అక్కడే. దుడ్లు ఇవ్వబోతే నా కొంగుకే ముడివేసి పంపేది. రోజు మొత్తంలో నాతో నా గురించి మాట్లాడే మనిషి ఆమె ఒక్కతే.

ఒక ఏడాది ట్యాక్సు లెక్కలు వేసే నెలలో మా ఆఫీసు గుమాస్తా నన్ను పిలిచాడు. మంచివాడే, లెక్కల దగ్గర మాత్రం కన్నతల్లిని కూడా నమ్మడు. "సిస్టర్, యూనిఫాం అలవెన్సు మీద ఊరికే ట్యాక్సు కడతాండారు. నిజంగా ఖర్చు పెట్టినంత వరకు మినహాయింపు ఉండాది. ఉతికే మనిషితో రసీదు రాయించుకు రాండి" అన్నాడు. నాకు ఇది దేవుడిచ్చిన వంకలా తోచింది. రసీదు పేరు చెప్పి ఆపాకు ఇన్నాళ్లూ ఇవ్వలేకపోయిన దుడ్లు ఇవ్వొచ్చు, నాకూ నాలుగు రూపాయలు మిగులుతాయి. తెల్లకాగితం మీద వివరాలు రాసుకుని, దుడ్లు కూడా చేతబట్టుకుని సాయంత్రం వాళ్ల గుమ్మం ఎక్కాను.

ఆపా అంతా విన్నది. కోపం తెచ్చుకోలేదు. కూరగాయల ధర చెప్పినట్లు చెప్పింది. "నువ్వు అడిగితే పెట్టనంటానా చెల్లీ. కానీ దుడ్లు తీసుకుని సంతకం పెట్టినాక అది కూలిపని అయితాది. మొగుడు కువైట్లో ఉంటే పెండ్లాం ఈడ బట్టలుతికి బతుకుతాందని మా అత్తగారి తట్టు వాళ్లంటారు. అననీలే. కూలిపనంటే కూలిదాని మాదిరే చేస్తా. మూట వాకిట్లో తీసుకుంటా, వాకిట్లోనే ఇచ్చి పోతా. లోపలికొచ్చి కూర్చునేది, నీ కంచంలో తినేది ఇంక కుదరదు."

"మరి ఇన్నాళ్లూ ఎందుకు ఉతికినావు ఆపా?" అన్నాను.

"తీగ మీద డ్యూటీకి పోయే మనిషి బట్టలు ఆరతాంటే, ఈ ఇంటికీ సాయంత్రమైతే తిరిగొచ్చేవాళ్లు ఉండారనిపిస్తాది. ఆయనొచ్చేది రెండేండ్లకొకసారి. అంతవరకు నేను ఎవురి కోసం కాసుకోవల్ల?" అంది.

ఆమె నాకు ఉపకారం చేస్తోందని అంతవరకూ అనుకున్నాను. నేనూ ఆమెకు ఏదో అవుతున్నానని అప్పుడే తెలిసింది. సంతోషమూ వేసింది, భయమూ వేసింది. ఆమె నిజంగానే వాకిట్లో నిలబడిపోతే ఆ ఇంట్లో నా మాట వినేవాళ్లు లేరు. కాగితాన్ని ఇస్త్రీ బల్ల మీద బొగ్గునుసి పడకుండా పరిచేశాను. మర్నాడు గుమాస్తాకు "రసీదు లేదు సార్, ఇంట్లోనే ఉతుకుతారు" అని చెప్పాను. ఆయన కళ్లద్దాల మీదుగా చూశాడు. నేను ఒంటరిదాన్నని ఆసుపత్రి మొత్తానికీ తెలుసు. "ఇంట్లో ఎవరున్నారమ్మా నీకు?" అన్నాడు. "మా అక్క ఉండాది" అన్నాను. ఇంకేమీ అడగకుండా ఆ గడిలో సున్నా వేశాడు. ఆ మాట పైకి చెప్పినందుకు రోజంతా హాయిగా ఉండింది.

తర్వాత కొన్నేళ్లకు ఆపా భర్త కువైట్ నుంచి మొత్తానికే వచ్చేశాడు. ఇద్దరూ ప్రొద్దుటూరులో కూతురి దగ్గరికి వెళ్లిపోయారు. నన్ను జమ్మలమడుగుకు వేశారు. అక్కడ బట్టలు లాండ్రీలో ఇచ్చేదాన్ని. అచ్చు రసీదులు, సంఖ్యలు, తేదీలు, అంతా పద్ధతిగా ఉండేది. మొదటి ఏడాది వాటన్నిటినీ గుండుసూదితో గుచ్చి ఇస్తే, అక్కడి గుమాస్తా "మీ మాదిరి వరసగా పెట్టేవాళ్లు లేరు సిస్టర్" అని మెచ్చుకున్నాడు. మినహాయింపు వచ్చింది. బాత్‌రూంలోకి పోయి తలుపేసుకుని ఏడ్చాను. ఎందుకని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో తెలియక కళ్లలో ఫినాయిలు పడిందనుకునేలా మొహం కడుక్కుని వచ్చాను. మరుసటి ఏడాది నుంచి రసీదులు ఎక్కడివక్కడ పారేశాను. ట్యాక్సు ఎంత పట్టుకుంటే అంత పట్టుకోనీ అనుకున్నాను.

రిటైరయ్యాక ప్రొద్దుటూరులోనే ఇల్లు తీసుకున్నాను. ఊరు మంచిదని అందరికీ చెప్పాను గానీ, ఆపా ఆ ఊళ్లో ఉందన్నదే అసలు కారణం. వెతుక్కుంటూ వెళ్తే గుమ్మంలోనే వాటేసుకుంది. కూర్చోబెట్టి సేమ్యా పెట్టింది. భర్త టీవీ ముందు నుంచే పలకరించాడు. మంచిచెడ్డలు అడిగాను, మోకాళ్ల నొప్పులు అడిగాను, మాత్రల పేర్లు కూడా అడిగాను. అంతటితో మాటలు అయిపోయాయి. పులివెందులలో ఏనాడూ అయిపోని మాటలు ఎదురెదురు కుర్చీల్లో కూర్చునేసరికి రాలేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో ఇద్దరికీ తెలియలేదు. "ఈడ అంతా మిషన్లోనే వేస్తారు చెల్లీ, నన్ను ముట్టనీరు" అంది చివరికి. వచ్చేటప్పుడు వీధి మలుపు దాకా వచ్చి, నా చీర కుచ్చెళ్లు సర్ది, "మళ్లా ఎప్పుడొస్తావు?" అని అడిగింది. వస్తానన్నాను. ఆ తర్వాత రెండుసార్లు ఆ వీధి దాకా పోయి, ఏ పని మీద వచ్చానని చెప్పాలో తోచక వెనక్కి వచ్చాను.

ఉద్యోగం చేసినన్నాళ్లూ, రిటైరైతే తీరిగ్గా ఆపా దగ్గర కూర్చోవచ్చని అనుకునేదాన్ని. ఆ తీరికను తెచ్చిచ్చిన కాలమే, మమ్మల్ని ఒకచోట కూర్చోబెట్టిన పనిని ఇద్దరి చేతుల్లోంచీ తీసుకుపోయింది.