సూదికి తెచ్చిన నీళ్ళు

రూతమ్మగారి వాకిట్లో ఉన్న నీళ్ళగోలేన్ని బండరాళ్ళతో పగలగొట్టి, పెంకులు కొండ కిందికి దొర్లించారు మావాళ్ళు. అవి ఎమర్జెన్సీ రోజులు.

భవానీపురం దాటాక, రాళ్ళు కొట్టే కొండ మీద మాదొక పేట. పైన చుక్క నీరు దొరకదు. ఆడవాళ్ళు కింద పంపు దగ్గర పట్టుకుని బిందెలతో ఎక్కాల్సిందే. అలాంటి చోటికి మిషన్ వాళ్ళు పంపగా నర్సు రూతమ్మగారు, ఆవిడ భర్త పాస్టరు ఏసుపాదంగారు వచ్చి, పేట చివర రేకుల ఇంట్లో కాపురం పెట్టారు. కాన్పులు, కట్లు, సూదులు అన్నీ ఆవిడే. ఫీజు లేదు. వంతుల ప్రకారం ఇంటికో బిందె నీళ్ళు ఆ గోలెంలో పోసేవాళ్ళం, అంతే. కాకపోతే ముందు ఆయన ప్రార్థన వినాలి. ఆయన కళ్ళు మూసుకోగానే మా అమ్మ బుల్లెమ్మ కూడా మూసుకుని దుర్గమ్మని తలుచుకునేది. "ఎవరి పని వాళ్ళు చేసుకోవాలిగా" అనేది.

ఆ ఏడు ఎవరో ఆఫీసు మనుషులు వచ్చి, ఇళ్ళ పట్టాలిస్తామనీ, మగవాళ్ళంతా ఆవిడ వాకిట్లోకి రావాలనీ రూతమ్మగారితో చెప్పారు. ఆవిడ నమ్మి సరేనంది. క్వారీ మేస్త్రీ తిరుపతిరావు ఇంటింటికీ తిరిగి జనాన్ని పోగేశాడు. వచ్చినవాళ్ళని వ్యానెక్కించి తీసుకుపోయి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేసి దింపారు. వాళ్ళలో కొత్తగా పెళ్ళయినవాడు కూడా ఉన్నాడు. మేస్త్రీ మాత్రం వ్యానెక్కలేదు. ఆ సాయంత్రం పెద్దమనిషిగా కూర్చుని తీర్పు చెప్పింది మళ్ళీ ఆయనే.

"నర్సమ్మ మనల్ని అమ్ముకుంది. ఆ ఇంటికి ఎవరూ నిప్పూ నీళ్ళూ ఇవ్వటానికి లేదు."

గోలెం పగిలింది ఆ రాత్రే. నిప్పు సంగతి అగ్గిపెట్టె చూసుకుంది. నీళ్ళతోనే వచ్చింది చిక్కు. ఏసుపాదంగారిది ఈడ్చి నడిచే కాలు. బిందె పైకి చేర్చేసరికి సగం నీళ్ళు చొక్కా మీదే ఉండేవి. మా అమ్మకి అప్పుడు క్షయ. రోజూ సూది పడాలి. మధ్యలో మానేస్తే జబ్బు మళ్ళీ తిరగబడుతుందనీ, అప్పుడు మందుకి లొంగదనీ రూతమ్మగారు ముందే హెచ్చరించింది. అప్పట్లో ఒకే సూదిని నీళ్ళలో ఉడకబెట్టి మళ్ళీ మళ్ళీ వాడేవాళ్ళు. నీళ్ళు లేనిదే సూది ఉడకదు. తీర్పు తర్వాత రెండు రోజులు అమ్మ దగ్గుతూ ఇంట్లోనే కూర్చుంది. మర్నాడు చెంబు నిండా నీళ్ళు పట్టుకుని, చంకలో నాలుగు పుల్లలు పెట్టుకుని బయల్దేరింది.

మేస్త్రీ అడ్డమొచ్చాడు. "ఏమే బుల్లెమ్మా, కట్టుబాటు మర్చిపోయావా?"

"మర్చిపోలేదు బావా. ఇయ్యి ఆమెకి కాదు. నా సూదికి నా నీళ్ళు."

"తీసుకెళ్ళేది ఆ ఇంటికేగా?"

"పోనీ నువ్వు పొడుస్తావా సూది? పొడువు, నీ అరుగు మీదే పడుకుంటా."

చుట్టూ ఉన్నవాళ్ళు ఫక్కున నవ్వారు. మేస్త్రీ మీసం సర్దుకున్నాడు. "మిగిలిన నీళ్ళు మాత్రం బయట పారబొయ్యాలి, ఆ ఇంట్లో చుక్క ఉండకూడదు" అని పక్కకి తప్పుకున్నాడు.

ఇంకేముంది, నాలుగు రోజుల్లో పేటంతా చెంబులు పట్టుకుని ఆ వాకిట్లో బారులు తీరింది. ఎవరి సూదికి వాళ్ళ నీళ్ళు, ఎవరి పుండుకి వాళ్ళ నీళ్ళు. ఆపరేషన్ కుట్లు చీము పట్టినవాళ్ళు కూడా వచ్చారు. కట్టుబాటు మాత్రం ఎవరూ ఎత్తెయ్యలేదు. ఏసుపాదంగారు కాలీడ్చుకుంటూ బిందెతో వస్తుంటే, వరసలో ఉన్నవాళ్ళు పక్కకి జరిగి దారి ఇచ్చేవాళ్ళు. ఎంత మర్యాదస్తులో మావాళ్ళు!

ఆవిడని క్షమించారా, వాడుకుంటున్నారా? నాకు తెలిసేది కాదు. దొరికిన పుస్తకమల్లా చదివాను. వాటిల్లో అన్యాయం చేసినవాడు ఒకవైపు ఉంటాడు, పడ్డవాడు ఇంకోవైపు ఉంటాడు. మావాళ్ళు రెండువైపులా ఉన్నారు. ఆ వ్యాను ఎందుకొచ్చిందో తెలిసే మేస్త్రీ జనాన్ని పోగేశాడని ఆవిడకి తెలుసు. అయినా నోరెత్తలేదు. ఆ మౌనానికి నాకు మావాళ్ళ మీదకన్నా ఆవిడ మీదే ఎక్కువ కోపం వచ్చేది.

అమ్మ కోలుకుంది. తర్వాత మిషన్ వాళ్ళు ఆ దంపతుల్ని చల్లపల్లి వైపు మార్చారు. మొన్నామధ్య మిషన్ వ్యాను ఒకటి ఆటోనగర్‌లో నేను పనిచేసే షెడ్డుకి రిపేరుకొస్తే, అందులోంచి రూతమ్మగారు దిగింది. బాగా నెరిసిపోయింది. టీ చెప్పబోతే, ముందు మంచినీళ్ళు ఇమ్మంది. గ్లాసు అందించాక ఇక నోరు ఆగలేదు నాకు.

"మేస్త్రీ సంగతి అప్పుడే బయటపెట్టొచ్చు కదండీ? మీకు గుక్కెడు నీళ్ళు పోయని మనుషుల మధ్య ఎందుకున్నారండీ అసలు?"

ఆవిడ గ్లాసు ఖాళీ చేసి, కొంగుతో మూతి తుడుచుకుంది.

"బయటపెడితే ఆయన్ని చావగొట్టేవాళ్ళు. ఆ కట్లు కట్టాల్సింది నేనేగా?" అని నవ్వింది. "అయినా పోయలేదని నీకెవరు చెప్పార్రా? సూది ఉడకటానికి దోసెడు చాలు. మీ అమ్మ చెంబు నిండా తెచ్చేది. మిగిలింది లోపల నా కుండలో ఒంపేసి, గుమ్మంలోకొచ్చి అందరికీ వినబడేట్టు 'పారబోశానమ్మోయ్' అని అరిచేది. నీకు చెప్పలేదా?"