చిరుగు చూసింది నేనే

ఈ ఉదయం మెకానిక్ నా స్కూటీలోంచి తీసిన గాస్కెట్ చూపించి, "దీదీ, పురానా చలేగా?" అన్నాడు, పాతదే నడుస్తుందా అని. నాకు తల కొట్టేసినట్టయింది.

క్యాంప్ వన్ కాలనీ నేస్తాలూ, ఆదివారాలు మన వాకిళ్ళలో కిరసనాయిలు పళ్ళెంలో నానే స్కూటర్ సామాన్లు గుర్తున్నాయా?

ఓ ఆదివారం పొద్దున్న నాన్న ఇంజిన్ విప్పి, ఆయిల్ కారకుండా వేసే ఆ పల్చటి అట్టని తుడిచి నా చేతికిచ్చాడు.

"ఎండకి పెట్టి చూడమ్మా, ఎక్కడైనా చిరిగిందేటి? నా కళ్ళకి ఆనట్లేదు. చిరిగితే రేపు షాపు తీసాక కొత్తది తెచ్చి వేద్దాం."

సన్నటి గీతలా వెలుగు కనబడింది. కానీ ఆ సాయంత్రమే పక్క ఊరు కుమ్హారిలో నా స్నేహితురాలి పుట్టినరోజు.

"చలేగా నాన్నా," అన్నాను.

కుమ్హారి చేరకముందే ఆయిలంతా కారిపోయి ఇంజిన్ పట్టేసింది. నాన్న స్కూటర్ నెట్టుకుంటూ వెనక్కి నడిచాడు. కొత్త గౌనులో నేను పక్కన నడిచాను.

"దానికి చూడమని ఇచ్చారేటి?" అంది అమ్మ.

"దాన్నేటీ అనకు. నా కళ్ళే పాడయ్యాయి."

ఆ వారమే నాన్న కళ్ళజోడు చేయించుకున్నాడు. అది పెట్టుకుని నావైపు చూసినప్పుడల్లా తల దించుకునేదాన్ని.