బాటిమా కడిగిన సముద్రం

“జల్లెడని నీలంలో ముంచానో లేదో గుర్తు రావడం లేదక్కా! ముంచకపోతే నా పని అయిపోయినట్టే!”

కుర్ర పరిశోధకురాలు జానిల్ గొంతు వినగానే బాటిమా కుళాయి కట్టేసింది. కోస్తనాయ్ ఊళ్లోని ఆ ప్రయోగశాలలో ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఆమె పని ఒక్కటే. బోరు వేసి తీసిన మట్టికడ్డీలను ముక్కలు కోసి, నానబెట్టి, జల్లెడ పట్టి, కంటికి ఆనని సముద్రజీవుల గుల్లలను బయటికి తీయడం. పెద్ద చదువు లేదు. బుగ్గన ఎప్పుడూ ఒక కుర్త్ ఉండ, ఎండిన పుల్లపెరుగుది. మాట్లాడే ముందు దాన్ని ఆ బుగ్గ నుంచి ఈ బుగ్గకు మారుస్తుంది.

“పాప పడుకోనిస్తోందా?”

“పళ్లొస్తున్నాయి. మూడు రోజులుగా నాకు కంటిమీద కునుకు లేదు.”

“అయితే నీ పేరు గుర్తుండటమే గొప్ప.”

జానిల్‌కు నవ్వు రాలేదు. తుర్గాయ్ గడ్డిమైదానంలో తీసిన మట్టిలో ఆమెకు పదకొండు గుల్లలు దొరికాయి. అన్నీ ఉత్తరధ్రువ సముద్రపు జాతివే. అవి నిజంగా ఆ మట్టిలోవే అయితే, ఐదు కోట్ల ఏళ్ల కిందట ఆ సముద్రం ఈ గడ్డిమైదానం మీదుగా దక్షిణ సముద్రంతో కలిసిందనడానికి మరో సాక్ష్యం. నివేదిక రేపే వెళ్లాలి. కానీ అదే జల్లెడలో అంతకుముందు అవే గుల్లలుండే సైబీరియా మట్టిని కడిగింది. ఇలాంటి చిక్కు రాకూడదనే ప్రతిసారీ కడిగాక జల్లెడను నీలిరంగులో ముంచుతారు. కన్నాల్లో ఇరుక్కున్న పాత గుల్లలు నీలమెక్కి, తర్వాతి మట్టిలో ఇట్టే పట్టుబడతాయి.

“నీవి ఏ రంగు?”

“తెల్లవే. కానీ ముంచకపోతే పాతవీ తెల్లగానే ఉంటాయిగా!”

“అదీ నిజమే” అంటూ బాటిమా మట్టికడ్డీ మధ్యలోంచి కొత్త ముక్క కోసి, ఇంతవరకూ వాడని జల్లెడలో కడిగింది. మధ్యాహ్నానికల్లా జానిల్ సూక్ష్మదర్శిని ముందు కూర్చుని లెక్కపెట్టింది. మూడు.

“మూడేమిటక్కా? ఈ ముక్కలోనే తక్కువున్నాయా? లేక మిగతా ఎనిమిదీ సైబీరియావా? ఇంతకీ సముద్రం వచ్చిందా, రాలేదా?”

“వచ్చినట్టే ఉంది. ఎంత వచ్చిందో నన్నడక్కు. నేనేం చూశానా?”

“మరి ఏ అంకె రాయను? పదకొండు కొట్టేసి మూడు వేసెయ్యనా?”

బాటిమా కుర్త్ ఉండను రెండో బుగ్గకు మార్చింది. పాల టీ వంచి ఆమె ముందు పెట్టింది.

“నేనూ ఒకసారి నీలాగే మరిచిపోయా. ‘ముంచాను’ అని రాసేశా. ఇరవై ఏళ్లయింది. ఆ గుల్లల సీసా బీరువాలోనే ఉంది, అందులో ఏది ఎక్కడిదో ఇప్పటికీ నాకే తెలీదు. నువ్వు పదకొండూ రాయి, మూడూ రాయి. ముంచావో లేదో తెలీదనీ రాయి. తెలీనిదాన్ని అప్పటికప్పుడే రాసిపెట్టుకోవాలి పిల్లా. ఆలస్యం చేశావంటే, మనసు తనకి నచ్చిందే జరిగిందంటుంది.”

జానిల్ అలాగే రాసి పంపింది. తుర్గాయ్‌లో ఇంకో బోరు వేసి చూడాలని జవాబొచ్చింది. సముద్రం వచ్చిందా, రాలేదా అన్నది ఆమెకు ఇంకా అయోమయమే. ఇంట్లో మాత్రం పాపకు జ్వరం మందు వేసిన వెంటనే కాగితం మీద టైము వేస్తుంది. వేసిందో లేదో అనుమానం వస్తే, ‘తెలీదు’ అని రాసి, పక్కన అప్పటి టైము వేస్తుంది.