సూది వేయించుకున్న సాయంత్రాలు

గర్భసంచి ఆపరేషనుకు ముందు రక్తపరీక్ష చేయిస్తే నాకు హెపటైటిస్ సి ఉందని తేలింది. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో మాట. పామిడిలో ఇంటి ముందరి గదిలోనే మా ఆయనకు బట్టల అంగడి. పాప ఒకటో తరగతిలో ఉండేది. పాప పుట్టినప్పుడు నాకు రక్తం ఎక్కించారు. ఆ రోజుల్లో రక్తానికి ఈ పరీక్ష చేసేవారు కాదని, అందులోంచే వచ్చి ఉండొచ్చని అనంతపురం డాక్టరు చెప్పాడు. ఇది కాలేయాన్ని మెల్లగా పాడుచేస్తుందని, మందు ఉందని కూడా చెప్పాడు. నాకు 'అంటుకునే జబ్బు' అన్న మాట తప్ప ఇంకేదీ చెవిలో నిలవలేదు.

ఇంట్లో నన్నెవరూ దూరం పెట్టలేదు. మా అత్త కామెర్లనుకొని నేలఉసిరి నూరి ఇచ్చింది. మా ఆయన, "మందులుండాయంట కదా, తగ్గుతాదిలే," అన్నాడు. దూరం జరిగింది నేనే. నేను తినే తట్ట, తాగే లోటా విడిగా కడిగి గూట్లో బోర్లించుకునేదాన్ని. పాపకు జడ వేయడం మానేశాను. పక్కన పడుకోబెట్టుకోలేదు. అన్నిటికంటే కష్టమైంది అన్నం తినిపించకపోవడం. మా పాపకు నా చేతి ముద్ద పడితేగాని కడుపు నిండేది కాదు. అది పళ్లెం పట్టుకొని వస్తే, "జ్వరంగా ఉంది, అవ్వ దగ్గరికి పో," అనేదాన్ని. అది కాసేపు అట్లే నిలబడి వెళ్లిపోయేది.

నెలకొకసారి బెంగళూరు నుంచి కాలేయం డాక్టరు అనంతపురం వచ్చి ఒక నర్సింగ్ హోములో చూసేవాడు. మొదటిసారి వెళ్లినప్పుడు వరండాలో నా పక్కన ఒక పెద్దామె కూర్చుంది. ఆమెది మడకశిర వైపు పల్లెటూరు. కాస్త వాన చేను, గొర్రెల మంద ఉన్న కుటుంబం. నుదుట పెద్ద బొట్టు, పలచబడిన జుట్టును ముడివేసి, ముడిలో కనకాంబరాలు పెట్టుకుంది. మధ్యాహ్నం కాగానే టిఫిన్ క్యారియరు విప్పి రాగిముద్ద తుంచి, ఉలవచారులో అద్ది నా వైపు చేయి చాపింది.

"వద్దక్కా," అని వెనక్కి జరిగాను. "నాకు జబ్బుండాది."

"నాకూ అదే ఉండాది. తిను."

తీసుకొని పక్కకు తిరిగి తిన్నాను. ఆమె నన్నే చూస్తూ ఉండి, "ఇంట్లో బిడ్డలుండారా?" అని అడిగింది.

"ఒక పాప."

"దగ్గరికి తీసుకుంటాండావా?"

ఏడుపొచ్చింది. ఆమె ఎడమచేత్తో నా వీపు నిమిరి, ఏడుపు తగ్గేదాకా ఆగింది.

"సుమ్మనుండు, ఏడవద్దు. అన్నంతో అంటదు ఇది, ఎంగిలితో అంటదు. రక్తంతోనే అంటుకుంటాది. పళ్ల బ్రష్షు, గోళ్లు తీసేది నీవి నువ్వు పెట్టుకో. దెబ్బ తగిలితే గుడ్డ కట్టుకో. బండి తిరగబడి నా కాలిరిగినప్పుడు రక్తమెక్కించినారు, దాంట్లో వచ్చింది నాకు. మనవడు పుడితే ఏడాది వాణ్ణి ఎత్తుకోలేదు నేను. డాక్టర్ని అడగాలంటే సిగ్గు. ఈ బెంచీ మీదనే ఒకామె చెప్పింది. ఇంటికి పోయి వాణ్ణి కిందికి దింపలేదు చూడు."

లోపలికి వెళ్లాక డాక్టరును అడిగాను. ఆమె చెప్పింది నిజమేనన్నాడు. ఆ రాత్రి పప్పన్నం కలిపి పాపను పిలిచాను. అది దూరంగానే ఆగి, "జరం పోయిందా మా?" అని అడిగింది. పోయిందన్నాను. ఒళ్లో కూర్చొని పళ్లెం ఖాళీ అయ్యేదాకా లేవలేదు.

తర్వాత మందు మొదలైంది. వారానికొక సూది, రోజూ మాత్రలు. మా వీధిలో ఉండే నర్సు వచ్చి సూది వేసేది. సాయంత్రానికి చలి, ఒళ్లంతా కొట్టినట్టు నొప్పులు. అప్పటికే సూదులు వేయించుకుంటున్న అక్క ముందే చెప్పింది కాబట్టి బెదరలేదు. రెండు దుప్పట్లు, చెంబుతో నీళ్లు పక్కన పెట్టుకునేదాన్ని. ఇంట్లో ఫ్రిజ్జు లేక ఆమె తన సూదిమందు మడకశిరలో సోడా అంగడి ఫ్రిజ్జులో దాచుకునేది. అక్కడికి వచ్చినప్పుడల్లా ఎస్టీడీ బూతు నుంచి మా అంగడికి ఫోను చేసేది. మా ఆయన వైరు లాగి ఫోను నా మంచం దాకా తెచ్చేవాడు.

"ఒణుకు మొదలైందా?"

"అయిందక్కా."

"కానీలే. వచ్చి పోతాది," అని గొర్రెల గురించి, రాని వాన గురించి చెప్పేది. వింటూ నిద్రపోయిన రోజులున్నాయి.

జుట్టు కుచ్చులుగా రాలిపోతున్నప్పుడు ఒకసారి, "ఇంక నా చేత కాదక్కా, నిలిపేస్తాను," అన్నాను.

ఆమె తిట్టలేదు, ధైర్యమూ చెప్పలేదు. "నిలిపేదుంటే డాక్టర్ని అడిగి నిలుపు. ఈ పొద్దుకి గంజి తాగినావా?"

లేదన్నాను. తాగి రమ్మని చెప్పి ఫోను పెట్టేసి, కాసేపటికి మళ్లీ చేసింది.

ఆమె మందు నాకంటే ముందే పూర్తయింది. నాది ముగిసి ఆరు నెలలయ్యాక ఇద్దరం ఒకే రోజు ఫలితాల కోసం వెళ్లాం. ముందు ఆమె లోపలికి వెళ్లి వచ్చి, చెంగు సర్దుకొని కూర్చుంది.

"జబ్బు మళ్లీ తిరగబెట్టిందంట," అంది.

నా వంతు వచ్చింది. నా రక్తంలో వైరస్ లేదని డాక్టరు చెప్పాడు. బయటికి వచ్చి ఆమె ముందు నిలబడ్డాను.

"పోయిందా నీది?"

తలూపాను. నా చేయి పట్టి కూర్చోబెట్టుకుంది. "ఇంత మంచి మాటకు మొగం అట్ల పెడతారా ఎవరన్నా," అంది. తర్వాత చెంగుతో కళ్లు తుడుచుకుంది. "నాదీ పోయింటే బాగుండు. ఆ ఆశ లేదని అబద్ధం చెప్పను. ఐనా నీ బిడ్డ చిన్నది. నీది పోవాల్నని నేను మొక్కుకున్నా."

ఆమె కాలేయం ఇంకా పెద్దగా చెడలేదని, జాగ్రత్తగా చూసుకుంటూ కొత్త మందుల కోసం ఎదురుచూడాలని డాక్టరు అన్నాడు. అప్పటినుంచి ఆమె వచ్చే రోజున నేనూ అనంతపురం పోయేదాన్ని. క్యారియరు నేను తీసుకెళ్లేదాన్ని. నేను చేసే బొరుగుల ఉగ్గాని ఆమెకు ఇష్టం.

ఒకసారి గుమ్మఘట్ట వైపు నుంచి ఒకాయన వచ్చాడు. ట్రాక్టరు నడుపుతాడట. జబ్బు సంగతి ఇంట్లో చెప్పలేదు. మాతో కూడా తల వంచుకొనే మాట్లాడాడు.

"మా ఇంటామెకు ఎట్ల చెప్పాల్నో తెలీలేదక్కా."

అక్క నా వైపు చూసింది. నేను తలూపాను. అప్పుడు ఆమే, "చెప్పలేకుంటే పిలుచుకొని రాప్పా. మేం చెప్తాము," అంది.

వస్తాడనుకోలేదు. తర్వాతి నెల భార్యతో వచ్చాడు. ఆ పిల్ల భయంభయంగా చుట్టూ చూస్తుంటే మేమిద్దరం కాస్త జరిగి మధ్యలో చోటిచ్చాం. అక్క తన కాలు విరిగిన దగ్గర్నుంచి చెప్పడం మొదలుపెట్టింది.