అమావాస్య నాటి నల్లచొక్కా

చొక్కా కోసం ప్రాణం మీదికి తెచ్చుకున్న హేతువాదిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇదిగో, నేనే. మీరు నవ్వుకోండి. నాకు మాత్రం ఇది రాస్తుంటేనే అరికాళ్లు చల్లబడుతున్నాయి.

మా బావమరిది సూర్యానికి భీమవరం పక్కన రొయ్యల చెరువులున్నాయి. అవి చాలక, సముద్రంలో గేలం వేద్దామని రెండు కయాక్‌లు కొన్నాడు. కయాక్ అంటే ఒక్క మనిషి కాళ్లు చాపుకుని తెడ్డు వేసుకునే సన్నటి ప్లాస్టిక్ పడవ. నీళ్లమీద పెట్టిన బెండకాయలా ఉంటుంది.

పేరుపాలెం ఒడ్డున నా చేతికి నారింజరంగు లైఫ్ జాకెట్, నిమ్మపండు రంగు పల్చటి చొక్కా, నిక్కరూ ఇచ్చాడు.

"ఇవి వేసుకోండి బావగారూ. తడిసినా బరువెక్కవు. ఎంత దూరానికైనా కనపడతారు."

వేసుకునేవాడినే. ఇంతలో మా ఆవిడ అందుకుంది. "ఏవండీ, ఇవాళ అమావాస్య. ఒంటిమీదున్న ఆ నల్లచొక్కా ముందు విప్పేయండి."

అంతే! ఆ చొక్కాతోనే వేదికలెక్కి మూఢనమ్మకాలను ఉతికి ఆరేసినవాడిని. ఊరుకుంటానా?

"అమావాస్యకీ చొక్కాకీ ఏంటి సంబంధం? రుజువు చూపించు."

"రుజువేంటండీ, మా అమ్మ చెప్పింది."

"అయితే విప్పను."

"అక్క మాట వదిలేయండి బావగారూ," అన్నాడు సూర్యం. "నలుపు నీళ్లలో కనపడదండి. పైగా ఆ జీన్సు..."

"నువ్వూ మీ అక్క పార్టీయేనా?"

లైఫ్ జాకెట్ తొడుక్కున్నాను, అది శాస్త్రం కనుక. దాని మీద నల్లచొక్కా లాగి బొత్తాలు బిగించాను, అది సిద్ధాంతం కనుక. నెలలు నిండిన పొట్టతో, జీన్సు ప్యాంటుతో సముద్రంలోకి వెళ్లాను.

ఒడ్డు సన్నటి గీతయ్యాక, పక్కనుంచి వచ్చిన ఒక అల నా బెండకాయను బోర్లా కొట్టింది. పైకి తేలేసరికి కయాక్ చేతికందకుండా కొట్టుకుపోతోంది. జీన్సు గోనెసంచిలా నానిపోయి, ఎవరో కాళ్లు పట్టి కిందికి లాగుతున్నట్టుంది. అల లేచినప్పుడల్లా ఒడ్డు మాయం. దూరంగా సూర్యం తన నిమ్మపండు రంగు చొక్కాలో పచ్చగా, నిక్షేపంగా కనిపిస్తున్నాడు. నేనే వాడికి కనిపించడం లేదు! అరిచాను. హోరులో నా గొంతు నాకే వినపడలేదు. వాడు నా వైపు తిరిగాడు, చూశాడు, అటు తిరిగి తెడ్డు వేసుకుంటూ దూరమైపోయాడు. అప్పుడు వెలిగింది నాకు.

చొక్కా! తడి బొత్తాలు ఊడవే! రెండు చేతులతో పట్టి చించేశాను. సిద్ధాంతం నీళ్లపాలైంది, నారింజరంగు బయటపడింది.

సూర్యం వెనక్కి వచ్చాడు. వాడి కయాక్ తోకను కరుచుకుని ఒడ్డు చేరాను.

"ఇందాక నా వైపు చూశావు కదరా!"

"చూశానండి. తాబేలనుకున్నాను."

మా ఆవిడ ఏడుస్తూనే, చుట్టూ మూగినవాళ్లకు చెప్పింది: "విన్నారా? అమావాస్యండీ, వద్దంటే వినలేదు." అందరూ తలలూపారు.

"అమావాస్య కాదే, రంగు!" అని ఉప్పునీళ్లు కక్కుతూ వాదించాను. ఒక్కడూ వినలేదు. నా ఉపన్యాసాలన్నీ కలిపి పోగొట్టినదానికన్నా ఎక్కువ మూఢనమ్మకాన్ని ఆ ఒక్క పూటలో నేనే పెంచాను.

కనుక పాఠకుల సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇకమీదట అమావాస్యనాడు సముద్రంలోకి నల్లచొక్కాతో వెళ్లను. పౌర్ణమినాడు కూడా వెళ్లను. దయచేసి ఈ రెండో మాటే మా ఆవిడకు గట్టిగా వినిపించండి.