జామున్ వెంట్రుకలు, మునియాల ముంత

మా చిన్నప్పుడు... ఎనిమిదో తరగతి అయిపోయి ఎండాకాలం సెలవులు మొదలైన రోజు. పొద్దున్నే మొదటి వింత... బాపు చేతిలోని గుడ్డ సంచి దానంతట అదే కదిలింది.

నా మునియా పిట్టలకు మేతగా కొర్రలు తెస్తానని చార్మినార్ దగ్గర పిట్టలమ్మే చోటికి వెళ్లిన మనిషి, కొర్రలతో పాటు ఇంకేదో తెచ్చాడు. సంచి విప్పితే నల్లగా, గుండ్రంగా, తోక లేని జీవం ఒకటి...

"ఏందయ్యా ఇది? ఎలుకనా, కుందేలా?" అమ్మ చేట అడ్డం పెట్టుకుని అడిగింది.

"గినీ పిగ్ అంటరట. పోరికి సెలవులు గదా, ఆడుకుంటదని తెచ్చిన."

అచ్చం మిఠాయి దుకాణంలోని కాలా జామున్‌లా ఉంది. జామున్ అనే పేరు పెట్టాను.

పాతబస్తీ జహనుమాలో మాది రెండు గదుల ఇల్లు. బాపుది రైల్వేలో పని. ఇంట్లో ఉన్నది ఒకటే జాలీ పెట్టె. అందులో పైన కర్ర మీద నా ఎర్ర మునియాల జంట, మూలన వాటి కోసం వేలాడదీసిన చిన్న మట్టి ముంత... గోడల మీద ఎప్పుడూ పిల్లులు. జామున్‌ను ఇంకెక్కడ పెడతాం? అదే పెట్టెలో, కింద.

"పిట్టలు పొడుస్తయేమో బాపూ..."

"ఏం గాదన్నడు పిట్టలాయన. పైన గవ్వి, కింద గిది. మీదింటోళ్లు, కిందింటోళ్లు లెక్క."

ఆ ఏడాదే తెలుగు వాచకంలో 'సహవాసం' అనే మాట నేర్చుకున్నాను. ఎంత నచ్చిందో... ఎక్కడ వాడదామా అని ఎదురు చూస్తున్న నాకు ఆ పెట్టె దొరికింది. వచ్చినవాళ్లందరికీ "వీళ్లది సహవాసం" అని చూపించేదాన్ని. అమ్మ కొత్తిమీర కట్ట విప్పగానే కింద జామున్ కీచుకీచుమని అరిచేది. పైనుంచి కొర్రల పొట్టు దాని నెత్తిన రాలుతుండేది.

ఒక మధ్యాహ్నం చూశాను... ఆడ మునియా జామున్ వీపు మీద వాలి, ఒక వెంట్రుక పీకి, ముంతలోకి ఎగిరింది. మళ్లీ వచ్చింది. మళ్లీ పీకింది. జామున్ కదలలేదు. అది ఆటా? కొట్లాటా? నాకు అర్థం కాలేదు.

"పేన్లు చూస్తున్నదేమోనే," అంది అమ్మ.

"దోస్తీ అయింది," అన్నాడు బాపు.

కొన్నాళ్లకు జామున్ వీపు మీద చర్మం కనిపించసాగింది. తర్వాత తుమ్ములు. ఆ తర్వాత తిండి మానేసింది... కొత్తిమీర ముక్కు దగ్గర పెట్టినా తల తిప్పేసుకుంది. పట్టుకుంటే చేతిలో దూది ఉన్నట్టే ఉంది.

పిట్టలాయన్ని అడిగితే ఎండదెబ్బ, తడిగుడ్డ కప్పమన్నాడు. అమ్మ దిష్టి అంది, మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది. పక్కింటి ఖాలా వచ్చి దాన్ని ఒళ్లో పెట్టుకుని చాలాసేపు చూసింది.

"సదఖా ఇయ్యాలె బేటీ. ఒక జాన్ నిలవాలంటే ఇంకో పానాన్ని ఇడువాలె. మా పెద్దోనికి జ్వరమొస్తే నేను పిట్టలను కొని ఇడిసిన. నీకు కొనుడు గూడ లేదు... ఇంట్లనే ఉన్నయి."

మునియాలను రెండేళ్లుగా నా చేత్తో సాకాను. అవి పోతే పెట్టె బోసిపోతుంది. ఉంచుకుంటే, ఖాలా మాట నిజమైతే, జామున్ పోతుంది.

"మనం గట్ల చెయ్యచ్చానే అమ్మా?"

"పిట్టను ఇడుస్తే ఏ దేవుడు వద్దంటడే?"

తెల్లారి పెట్టెను మిద్దె మీదికి తీసుకెళ్లాం. ఖాలా దువా చదువుతుంటే నేను తలుపు తీశాను. మగ మునియా ఫలక్‌నుమా గుట్ట వైపు రివ్వున పోయింది. ఆడది మాత్రం బయటికి వచ్చి, తిరిగి లోపలికి దూరి ముంతలోకి తొంగి చూసింది. మళ్లీ వచ్చింది, మళ్లీ దూరింది. నన్ను వదల్లేకపోతోందనుకుని ఏడ్చాను. చివరికి అదీ పోయింది...

మరుసటి రోజు సాయంత్రం జామున్ ఒక కొత్తిమీర కాడ నమిలింది. తర్వాత రెండు. కొన్నాళ్లకు అరుపు కూడా తిరిగొచ్చింది.

"దేఖే? సూసినవా?" అంది ఖాలా.

"తడిగుడ్డ పనిజేసింది," అన్నాడు బాపు.

"నా మిరపకాయలు ఏడికి పోయినయి మరి?" అంది అమ్మ.

నేను ముగ్గురి మాటా నమ్మాను. ఏ ఒక్కటీ పూర్తిగా నమ్మలేకపోయాను.

పెట్టె కడగడానికి ముంతను దించినప్పుడు లోపల వేలు పెట్టాను... మెత్తగా తగిలింది. వెలుతురులో చూస్తే బయట కొబ్బరి పీచు, లోపలంతా జామున్ నల్లటి వెంట్రుకలు... చిన్న గిన్నెలా గుండ్రంగా అల్లి ఉంది. గుడ్లు లేవు. పెట్టడానికి సిద్ధం చేసుకున్న ఇల్లు.

పరుగెత్తుకెళ్లి ఖాలాకు చూపించాను. ఆమె ముంతను వెలుతురుకు తిప్పి లోపలికి చూసింది. "నాకేం ఎరుక బేటీ... దువా చేసిన, గంతే," అంది మెల్లగా.

ఇవాళ మా పై ఫ్లాట్ అమ్మాయి వచ్చి అడిగింది... "ఆంటీ, కొత్తగా గినీ పిగ్ తెచ్చుకున్నా, మా లవ్ బర్డ్స్ కేజ్‌లోనే పెట్టొచ్చా?" నేను జామున్ కథ మొదలుపెట్టేలోపే తన ఫోన్ జవాబు చెప్పేసింది. పెట్టకూడదట. పిట్టల రెట్టతో దానికి జబ్బు రావచ్చట, ముక్కుతో గాయం చేస్తాయట, తిండి కూడా వేరట.

అయితే మునియాలు వెళ్లిపోయినందుకే జామున్ బతికిందా? అలాగైతే ఖాలా మాటే నిజమైనట్టా, కానట్టా? మరి ఆ వెంట్రుకల గిన్నె దోస్తీకి గుర్తా, గాయానికి గుర్తా... ఇన్నేళ్ల తర్వాత కూడా నాకు తేలలేదు.

అప్పుడు ఒక్క ప్రశ్న అడిగితే నాలుగు ఇళ్లు జవాబు చెప్పేవి... ఇప్పుడు ఒకే జవాబు, అదీ అర నిమిషంలో. గోడ అవతల ఖాలా లేదు. మీ ఇంట్లో ఇలా కలిసి బతికినవి, బతకలేనివి ఏవైనా ఉంటే రాయండి... చదవాలని ఉంది.

పై అమ్మాయికి రెండూ వేరుగా ఉంచమనే చెప్పాను. రేపు పొద్దున్నే గినీ పిగ్‌ను దువ్వుతుందట. రాలిన వెంట్రుకలు పారేయకుండా నాకివ్వమన్నాను. బాల్కనీ గ్రిల్ మీద పెడతాను... ఏ పిట్టయినా వచ్చి పట్టుకుపోతుందేమో చూడాలి.