జూన్ ఎండకు దారి

ముందు సుద్దముక్క చప్పుడు వినబడింది. సిమెంటు మీద గరగరా సాగి, ఆగి, మళ్లీ గరగరా. టీ కప్పు పట్టుకుని సుగుణ ఆంటీ టీకొట్లోంచి బయటికొచ్చాను. వెస్ట్‌మీడ్‌లో ఆ కొట్టు ముందు ఫుట్‌పాత్ మీద మోకాళ్లూని జవేరియా గీత గీస్తోంది.

ఆమెది కడప. సిడ్నీలో ఆర్కిటెక్ట్. వీధికి ఉత్తరాన, కొట్టుకు ఎదుటి వరసలో పాత దుకాణాలు తీసేసి కట్టబోయే భవనం, కింద అంగళ్లు, పైన నాలుగంతస్తుల ఫ్లాట్లు, ఆమె చేతిలోనే రూపు దిద్దుకుంటోంది. స్థలం రామానుజం గారిది.

మొదటి బొమ్మ ఈ టీకొట్లోనే, పేపర్ న్యాప్‌కిన్ మీద పుట్టింది.

"మీ బెంచీకి ఏం కాదులే ఆంటీ. బిల్డింగ్ నీడ వెనక్కే పడతాది" అంది ఆ రోజు జవేరియా, బయటి బెంచీ వైపు చూస్తూ.

సుగుణ పకపకా నవ్వింది. "కడప సూర్యుణ్ణి వెంట తెచ్చుకున్నావేంటి పిల్లా! ఇక్కడాయన ఉత్తరాన తిరుగుతాడు."

జవేరియా నాలుక కరుచుకుంది. చెయ్యి ఇంకా కడపలోనే ఉంది. న్యాప్‌కిన్ తిప్పి చూస్తే, నీడ వీధి దాటి వచ్చి బెంచీని కప్పేసింది. ఇక్కడ చలికాలమైన జూన్‌లో, పక్క ఆస్పత్రి నర్సులు భోజనాల వేళ వచ్చి ఎండ కప్పుకుని కూర్చునే బెంచీ అది. అది చల్లబడితే కొట్టూ చల్లబడుతుంది. సుగుణ నవ్వు ఆగిపోయింది.

అందుకే ఈ గీత. టీకి వచ్చిన రామానుజం గారు బెంచీ మీద, ఎండలో, కళ్లు మూసుకుని ఉన్నారు. గీత ఆయన్ను దాటి కొట్టు గోడదాకా పోయింది.

"ఏంటమ్మా ఇది?"

"మీ బిల్డింగ్ నీడ అంకుల్. కట్టినాక మీరు దీని లోపలుంటారు."

"పునాదైనా తియ్యలేదు, అప్పుడే చీకట్లో కూర్చోబెట్టావా!" ఆయన నవ్వారు గానీ, లేవలేదు. ఎండ ఆయన మోకాళ్ల మీద నిద్రపోతోంది. "సరే, ఏం చెయ్యాలంటావు?"

"పైన రెండు ఫ్లోర్స్‌లో ముందు ఫ్లాట్లు వెనక పార్కింగ్ మీదికి జరపనీండి. ఒక్క ఫ్లాటూ పోదు. వీధి వ్యూ మాత్రం పోతాది."

"నేనుండబోయేది కూడానా?"

"మీదే ఫస్ట్ అంకుల్."

ఆయన కప్పు ఖాళీ చేశారు. "కానివ్వు. వ్యూ కావాలంటే ఇక్కడికొచ్చి కూర్చుంటా. సుగుణమ్మా, ఇంకో టీ."

జవేరియా పాత గీతను అరచేత్తో చెరిపింది. కొత్త గీత బెంచీ కాళ్లకు ముందే ఆగింది. దగ్గరికెళ్లి, ఇక ఇంతేనా అని అడిగాను.

ఆమె సుద్ద చేతిని కళ్లకు అడ్డం పెట్టుకుని తలెత్తింది.

"ఇంతేనన్నా. కొంచెం పక్కకు జరగండి, మీ నీడ పడతాంది బెంచీ మీద."